బాయిలరు దగ్గర ఎవరున్నారు?

మలేషియాలో ఒక కాలనీకి వేడి సరఫరా చేసే మార్గాలు చూడడానికి వెళుతున్నానని చెప్పినప్పుడు, మా కింది వాటా మాస్టారు పేపరు దించి, కళ్లజోడు మీదుగా నన్ను చూసి, "అక్కడంత చలా?" అని అడిగారు. నాకు తెలియదు. తెలియదని చెప్పే అలవాటూ లేదు. "కొండలుంటాయి కదండీ" అన్నాను. ఆయన పాపం మళ్లీ పేపరెత్తేశారు.

నేను విశాఖపట్నంలో ఒక చిన్న కంపెనీలో ఇంజినీరుని. ఇంధనం ఎక్కడ ఎలా ఆదా చెయ్యాలో ఊళ్లకూ ఫ్యాక్టరీలకూ సలహాలిస్తాం. ఒకప్పుడు హిమాచల్‌లో ఒక కొండ ఊరికి, ఒకేచోట కట్టెపొట్టు కాల్చి, ఆ వేడినీళ్లను గొట్టాల్లో ఇంటింటికీ పంపే పథకం రాశాను. అప్పట్నుంచీ ఆఫీసులో వేడి అనే మాట నా సొంత ఆస్తి అయిపోయింది. టీ చల్లారిపోయిందని ఎవరైనా అంటే కూడా నావైపే చూస్తారు. అందుకే "పెరుగుతున్న శివారు కాలనీకి పునరుత్పాదక ఉష్ణ మార్గాల పరిశీలన" అన్న శీర్షికతో మలేషియా నుంచి ఉత్తరం రాగానే మా బాసు దాన్ని నా బల్ల మీదికి తోశాడు. శీర్షిక చదివాను. దాని కింద బోలెడు పేజీలున్నాయి. "చదివావా?" అన్నాడు. "చదివాను" అన్నాను. శిరస్సు చూసి మొండేన్ని ఊహించుకున్నవాణ్ణి.

భూమధ్యరేఖకు వీపు ఆనించి కూర్చున్న దేశానికి, మంచు కప్పిన ఇళ్ల బొమ్మలతో ప్రెజెంటేషన్ చేసుకుని, పెట్టెలో ఊలు స్వెట్టరు సర్దుకుని బయలుదేరిన ఇంజినీరు ఆంధ్రదేశంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. దీనివల్ల పోయింది నా పరువొక్కటే అయితే ఇంత రాయనవసరం లేదు, ఆ సరుకు నా దగ్గర మొదట్నుంచీ తక్కువే. కానీ అక్కడ ఒక పెద్దావిడ ఊపిరి నా సంతకం మీదికి వచ్చింది. ఆ భయం తిరిగొచ్చాక కూడా నన్ను పూర్తిగా వదల్లేదు.

బటాంగ్ బెర్జుంటై

కౌలాలంపూర్ విమానాశ్రయానికి ప్రాజెక్టు డైరెక్టరు భాస్కర్ నాయుడు గారు తానే వచ్చారు. మలేషియాలో పుట్టి పెరిగిన తెలుగాయన. తాత రబ్బరు తోటలో గుమాస్తా. మనవడు ఇపో నగరం శివార్లలో టౌన్‌షిప్ కడుతున్న కంపెనీకి పెద్ద. తెలుగు అర్థమవుతుంది, నోరు తెరిస్తే మాత్రం సగం తమిళంలోకీ మిగతా సగం ఇంగ్లీషులోకీ జారిపోతుంది. పేరు భాస్కరుడేగానీ కారు లోపల మాఘమాసం. ఏసీ గాలికి నా పళ్లు తాళం వేస్తుంటే, ఆయన కోటు గుండీలు పెట్టుకుని హాయిగా కూర్చున్నారు.

మంచి అభిప్రాయం కలిగిద్దామని లాప్‌టాప్ తెరిచి మొదటి బొమ్మ చూపించాను. ఇళ్ల కప్పుల మీద మంచు.

"అలమాక్!" అన్నారాయన. అక్కడ ఆశ్చర్యానికీ అసహ్యానికీ అందరూ వాడే మాట అది, వాక్యం చివర తగిలించే 'లా' లాగే. "ఎన్న సార్ ఇది? స్నోవా? హీటింగ్ ఇక్కడ ఎందుకు లా? వేడి ఇక్కడ ఫ్రీ! మాకు కావాల్సింది కూలింగ్. వేడితో కూలింగ్. లెటర్ చదవలేదా?"

కారు నడుపుతున్న మనిషి భుజాలు కదిలాయి. నవ్వు ఆపుకుంటున్నాడని అర్థమైంది.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. కాలనీ మొత్తానికీ ఒకేచోట చల్లటి నీళ్లు తయారుచేసి, గొట్టాల్లో ఇంటింటికీ పంపి, గదులు చల్లబరుస్తారు. ఆ నీళ్లను చల్లబరిచే యంత్రం కరెంటుతో కాదు, వేడితో నడుస్తుంది. వినడానికి విడ్డూరంగా ఉంటుందిగానీ, ఎండ కాసినకొద్దీ కుండలో నీళ్లు చల్లబడడం మనకు తెలియనిదా? ఆ వేడి ఎక్కణ్ణుంచి తేవాలి, ఎండ నుంచా, భూమిలోంచి పొంగే వేడినీళ్ల నుంచా, పామాయిల్ మిల్లు బాయిలరు నుంచా, అన్నది తేల్చడం నా పని. ఉత్తరం రెండో పేజీలోనే ఉందట.

ఆ క్షణం నుంచి డైరెక్టరు గారికి నేను "హీటర్ సార్" అయ్యాను. టీ దుకాణం వాడికీ అలాగే పరిచయం చేశారు, సైటు కాపలావాడికీ అలాగే.

తాతగారు పనిచేసిన తోట చూపిస్తానని రహదారి వదిలి బటాంగ్ బెర్జుంటై వైపు తిప్పించారు. ఇప్పుడక్కడ రబ్బరు పోయి అంతా పామాయిల్ చెట్లు. రోడ్డు పక్కన రోటి చనై తిన్నాం. మన పరోటాకి సింగారించుకునే తీరిక దొరికితే అలా ఉంటుంది, పక్కన పప్పుచారు. ఒకటి మన లెక్కలో నలభై రూపాయలదాకా. ఎత్తునుంచి పోసి నురగ తేల్చే తే తారిక్ అనే టీ కూడా తాగి, ఆ టీ బరువు దించుకోవడానికి చెట్ల మధ్యకి వెళ్లాను. వెనక్కి తిరిగితే రోడ్డు లేదు. ఎటు చూసినా ఒకే ఎత్తు చెట్లు, ఒకే ఎడం వరసలు, ఒకే మసక. ఎలకల కోసం తోటల్లో నాగుపాములు తిరుగుతాయని కారులో విన్న కబురు సరిగ్గా అప్పుడే గుర్తుకొచ్చింది. ఎండుటాకు కదిలితే నేనూ కదిలాను, తప్పు దిక్కుకి. చివరికి కారు హారను చప్పుడు పట్టుకుని బయటపడ్డాను.

హారను కొట్టింది డ్రైవరే. "బయపడిపోనారా సార్?" అన్నాడు, తలుపు తీస్తూ మెల్లిగా. మా శ్రీకాకుళం అమ్మమ్మ ఊరి మాట! పేరు సన్యాసిరావట. వాళ్ల ముత్తాతలు ఆ వైపునుంచే ఓడెక్కి రబ్బరు తోటలకి వచ్చారట. ఉంటున్నది ఇపో అవతల సుంగై సిపుట్‌లో, తోట కూలీలకి వరసగా కట్టిన పాత లైను ఇంట్లో. "మాయమ్మకి సెప్పాలి, మనూరాయన వచ్చినాడని" అన్నాడు. అంతవరకూ ఉన్న చలి కాస్త తగ్గినట్టయింది.

ఇపో

ఇపో చుట్టూ సున్నపురాతి కొండలు. మన తూర్పు కనుమల్లా ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నడవవు. ఒక్కొక్కటీ చదును నేలలో నిట్టనిలువుగా, అలిగి విడిగా నిలబడ్డట్టు ఉంటుంది. ఊళ్లో కాఫీ పేరుకి తెల్లకాఫీ. రంగు మన కాఫీదే, తీపి మాత్రం పెళ్లివారి పాయసానిది.

ముందు ఎండ చూద్దామని సగం కట్టిన భవనం పైకి ఎక్కించారు. నాకు ఎత్తులంటే భయం, జీతం ఎత్తు తప్ప. పిట్టగోడ ఇంకా కట్టలేదు. మధ్యలో చతికిలబడి పరికరం చూస్తున్నాను. పొద్దున కాసిన ఎండ మధ్యాహ్నానికి మబ్బులో మునిగిపోయింది, తర్వాత వాన. అక్కడ రోజూ అంతేనట. ఇళ్లల్లో ఉక్కపోత పెరిగే వేళకే సూర్యుడు ఆఫీసు కట్టేస్తాడు.

తర్వాత వేడినీటి బుగ్గ. కొండల అడుగున పొగలు కక్కుతూ మడుగు. జనం బుట్టల్లో గుడ్లు ముంచి ఉడికిస్తున్నారు, ముసలివాళ్లు కొంచెం అవతల కాళ్లు పెట్టుకుని కూర్చున్నారు. వేడి కొలుద్దామని వంగితే రాయి మీద పాచికి చెప్పు జారి నీళ్లలో పడింది. చెప్పు మాత్రమే. అయినా నేను పెట్టిన కేకకు గుడ్లవాళ్లందరూ లేచి నిలబడ్డారు. ఒక చైనా ముసలాయన బుట్టతో చెప్పు పైకి తీసి, "హాఫ్ బాయిల్" అని నా చేతికిచ్చాడు.

ఆ వేడి గుడ్లకూ మోకాళ్లకూ చాలు. వెయ్యి ఇళ్లకు చాలదు. మిగిలింది పామాయిల్ మిల్లు.

మిల్లు

సుంగై సిపుట్ దాటి తోటల లోపల ఉంది మిల్లు. కిలోమీటరు ముందునుంచే వాసన వస్తుంది, నూనె మాడినట్టు, బెల్లం పులిసినట్టు. ఎర్రటి గెలలు బండ్లలో వస్తాయి, ఆవిరిలో ఉడుకుతాయి, నూనె తీశాక మిగిలిన పీచూ చిప్పలూ మళ్లీ బాయిలరులోకే పోతాయి. తన పొట్టుని తానే కాల్చుకుని నడిచే మిల్లు. ఆ బాయిలరులో మిగిలే ఆవిరిని టౌన్‌షిప్‌కి తేవాలని డైరెక్టరు గారి పట్టుదల. గొట్టాల దారి ముందే గీసేశారు.

రంజాన్ ఆఖరి రోజులు. బాయిలరు ముందు నిలబడ్డ పెద్దాయన పేరు అజీజ్, అందరూ పాక్చిక్ అంటారు, అంటే బాబాయి. తెల్లారకముందునుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టకుండా, ఆ కొలిమి ముందు, పారతో పీచు సర్దుతున్నాడు. మన దగ్గర ఏకాదశి ఉపవాసానికి ఆఫీసు మానేసినవాణ్ణి నేను. కళ్లెత్తి చూడలేకపోయాను.

ఇనప జల్లెడ లాంటి మెట్ల మీదుగా బాయిలరు నెత్తికి ఎక్కాం. కాళ్ల సందుల్లోంచి కింద మంట కనిపిస్తోంది. రెండు చేతులతో కడ్డీ పట్టుకుని మిల్లు మేనేజరుని అడగాల్సింది అడిగాను. "ఆవిరి ఎప్పుడూ ఉంటుందా?"

"మిల్లు ఆడినంతసేపూ ఆవిరికి లోటుండదు" అన్నాడాయన.

సరిగ్గా అప్పుడే పక్కన కవాటం తెరుచుకుని ఆవిరి బుస్సుమంది. నేను ఎక్కడివాణ్ణక్కడ గొంతుకూర్చున్నాను, చెవులు మూసుకుని, బహుశా కళ్లు కూడా. "హీటర్ సార్‌కి హీట్ అంటే భయమా?" అని డైరెక్టరు గారు మిల్లంతా వినేలా నవ్వారు. కిందికి దిగాక కాగితం మీద రాసుకున్నాను. "ఆవిరికి లోటుండదు." ముందు మాట ఆ బుస్సులో కొట్టుకుపోయింది. చెవి వినలేదని చెప్పలేను. వింది. త్వరగా బయటపడాలని అడ్డదారిలో రాసుకున్నాను.

తెరుచుకోని ఇల్లు

అమ్మకాల ఆఫీసు పక్కన నమూనా ఇల్లు కట్టి పెట్టారు. ఆ రోజు సన్యాసిరావు వాళ్లమ్మ పైడమ్మ గారిని కూడా తీసుకొచ్చాడు. వాళ్లూ టౌన్‌షిప్‌లో ఒక ఫ్లాటు బుక్ చేసుకున్నారు. రబ్బరు పాలు తీసి తీసి వంగిన మనిషి, మాటకీ మాటకీ మధ్య ఆయాసం. లైను ఇల్లు తోటవాళ్లకి అప్పజెప్పేసి, ఇక్కడికి వచ్చేయాలి.

ఆవిడ వంటగది తడిమింది, స్నానాలగదిలో కుళాయి తిప్పి తిప్పి నవ్వింది. గదిలోకొచ్చి అద్దం దగ్గర ఆగిపోయింది. నేలనుంచి కప్పుదాకా ఒకటే అద్దం. గడియ లేదు, రెక్క లేదు. కప్పుకి పంకా కొక్కెం కూడా లేదు. బయట ఏసీ డబ్బాలు తగిలించుకోవడం నిషేధం. అందం చెడుతుందట, చల్లదనం బయటికి పోతుందట.

"ఇదేటి బాబూ, గాలెక్కడినుండి వస్తాది?" అంది నాతో. "నాకు ఊపిరాడనప్పుడు కిటికీ కాడే కూకుంటాను. తెల్లార్లూ."

"పాటీ, కూలింగ్ ఎప్పుడూ వస్తుంది. ఇరవైనాలుగు గంటలూ" అన్నారు డైరెక్టరు గారు. అవ్వని తమిళంలో అలా పిలుస్తారు.

"ఆగిపోతేనో?"

"ఆగదు లా! ఇండియా నుంచి ఇంజినీరుని తెప్పించాం కదా, అడగండి."

ఆవిడ నావైపు తిరిగింది. చల్లటి గదిలో చీర కొంగు భుజాల నిండా కప్పుకుని, "మనూరోడు. మా తాతలూరోడు అబద్దం సెప్పడు. నువ్వు సూసినావా బాబూ?" అని అడిగింది.

"చూశానమ్మా" అన్నాను.

"అయితే సరి" అంది, ఇంకో మాట లేకుండా.

అదే సాయంత్రం పండగ సెలవలకి ముందు బ్యాంకుకి కాగితాలు పంపాలని డైరెక్టరు గారు తొందరపెట్టారు. ఏడాది పొడుగునా మిల్లు ఆవిరి దొరుకుతుందన్న పేజీ కింద సంతకం చేశాను. ఏదో ఒకటి మర్చిపోయానన్న అనుమానం ఉంది. గ్యాస్ కట్టామా లేదా అని రైలెక్కాక వచ్చే అనుమానం లాంటిది. అడిగితే నవ్వుతారని అడగలేదు.

ఉగాది

ఈసారి ఉగాదీ, వాళ్లు రాయా అనే రంజాన్ పండగా ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఉగాదికి సన్యాసిరావు వాళ్లింటికి భోజనానికి వెళ్లాను. పచ్చడిలో బెల్లానికి బదులు కొబ్బరి చెట్టు కల్లుతో చేసే నల్లటి గులా మెలాకా, మిరియానికి బదులు వేలెడుకూడా లేని మిరపకాయ. ఆరు రుచుల్లో ఒకటి మిగతా అయిదింటినీ తన్ని తగిలేసింది. కళ్లనీళ్లు తుడుచుకుంటుంటే పైడమ్మ గారు సంతోషపడిపోయింది. "ఏడుస్తన్నాడు సూడు, అమ్మమ్మ గేపకమొచ్చినాదేమో!"

ఇల్లు చిన్నది, రేకు కప్పు. కిటికీలు నాలుగూ బార్లా తీసి ఉన్నాయి. ఒక కిటికీ పక్కన ఆవిడ కుర్చీ. దాని చేతులు ఆవిడ పట్టుకున్న చోట నునుపుదేలాయి. గోడవార అట్టపెట్టెలు పేర్చి ఉన్నాయి. సగం ఇల్లు అప్పుడే సర్దేశారు.

"అమ్మకి మొదట ఇష్టం నేదు సార్" అన్నాడు సన్యాసిరావు. "మీరు సెప్పినాక ఒప్పుకుంది."

అన్నం బాగుంది. ఆ మాటే పైకన్నాను.

రాయా

మర్నాడు రాయా. అక్కడ పండగంటే తలుపులు తీసి పెట్టడమే. ఏ మతంవాడి పండగైనా మిగతావాళ్లందరూ అతనింటికి వెళ్లి తింటారు. పిలుపు అక్కర్లేదు. మన దగ్గర పండగనాడు తలుపేసుకుని పులిహోర తింటాం, ఎవరైనా వస్తే పెడతాం. వాళ్లు ఎవరూ రాకపోతే చిన్నబోతారు. దీపావళికి సన్యాసిరావు ఇంటికి కంపంగంతా వస్తుందట, అంటే ఆ మలయ్ పల్లె అంతా.

"పాక్చిక్ అజీజ్ ఇంటికెల్దాం సార్. మకాన్ బాగుంటాది" అన్నాడు. మకాన్ అంటే అక్కడ తిండి.

స్తంభాల మీద నిలబెట్టిన చెక్క ఇల్లు. మెట్ల కింద చెప్పుల కొండ. వెదురు గొట్టాల్లో కాల్చిన అన్నం, కొబ్బరితో ఇగిరిన మాంసం, బుల్లి బుల్లి తీపి బిళ్లలు. పిల్లలు పెద్దల చేతులు పట్టుకుని, తెలిసీ తెలియకా చేసిన తప్పులు మన్నించమని అడుగుతున్నారు. మన సంక్రాంతికి ఈ అలవాటుంటే మా బంధువుల్లో సగంమంది ఇప్పటికీ మాట్లాడుకుంటూ ఉండేవారు. ఇంటినిండా జనం, చెమట, నవ్వులు. కిటికీలన్నీ తెరిచి, పంకాలన్నీ తిప్పుతున్నా ఉక్కగానే ఉంది.

పళ్లెం పట్టుకుని చూస్తే మొహాలు తెలిసినవే. గెలల బండి తోసినతను, మూల పరీక్షగదిలో నూనె చూసే అమ్మాయి, అదిగో మిల్లు మేనేజరు, వేళ్లు నాక్కుంటూ. ఇంతలో పట్టుబట్టల్లో, నెత్తిన నల్లటోపీతో, పాక్చిక్ అజీజ్ తానే వచ్చి నా పళ్లెంలో ఇంకో ముక్క వేశాడు.

ముక్క నోట్లో ఉండగానే ఒక సంగతి తట్టింది.

"సన్యాసిరావూ," అన్నాను, "ఈయనిక్కడుంటే, బాయిలరు దగ్గర ఎవరున్నారు?"

అతను మలయ్ భాషలో అడిగాడు. గది గొల్లుమంది.

"బాయిలర్ పున్ చుటి లా!" అన్నాడు పాక్చిక్.

"బాయిలరుక్కూడా సెలవంట సార్" అన్నాడు సన్యాసిరావు నవ్వుతూ. అతనికింకా వెలగలేదు.

మేనేజరు దగ్గరికి వెళ్లాను. పండగలకి మిల్లు రోజుల తరబడి ఆగుతుందట. కాయ తగ్గిన నెలల్లో ఒక పూటే ఆడుతుందట. "మీకు చెప్పాను కదా, మిల్లు ఆడినంతసేపూ అని" అన్నాడు, మర్యాదగానే.

ఆ గదిని ఇంకోసారి చూశాను. పండగ ఎవరిదైనా, ఇళ్లు ఇలా కిక్కిరిసి ఉండే రోజునే కొలిమి చల్లగా ఉంటుంది. కిటికీలు మాయం చేసి, పంకాలు ఆపి, నలుగురు పట్టే అద్దాల పెట్టెలో ఈ జనాన్ని కుక్కి, మధ్యలో ఆవిడ కుర్చీ వేసి చూసుకున్నాను. పళ్లెం కింద పెట్టేశాను. పాక్చిక్ భార్య మంచినీళ్లు తెచ్చింది, కారం ఎక్కువైందనుకుని.

కారులో సన్యాసిరావుకి చెప్పాను. అతను బండి పక్కకి ఆపాడు. "అమ్మ సచ్చిపోద్ది సార్" అన్నాడు. మళ్లీ బండి తీస్తూ, "మా పేరు మాత్రం ఎత్తకండి. నా పని ఎల్లిపోద్ది."

మా బాసుకి ఫోను చేశాను. అంతా విని, "సంతకం అయ్యాక భయమెందుకయ్యా? భయపడాల్సింది ముందు కదా" అన్నాడు. నా జీవితంలో ఆయన చెప్పిన ఒకే ఒక్క సరైన మాట అది. సాయం మాత్రం ఏమీ చెప్పలేదు.

మళ్లీ ఆ ఇంట్లోనే

సెలవలయ్యాక చివరి సమావేశం. డైరెక్టరు గారు, అమ్మకాల అధికారిణి, అప్పిచ్చే బ్యాంకు నుంచి ఒకాయన. సమావేశం గదిలో వద్దు, నమూనా ఇంట్లో పెడదామన్నాను. ముచ్చటపడ్డారు. లోపలికి వెళ్లి, తలుపు వేసి, గోడ మీద మీట నొక్కి చల్లగాలి ఆపేశాను. ఎవరూ మళ్లీ నొక్కకుండా కుర్చీ దాని పక్కకే లాక్కున్నాను. గబుక్కున కూర్చున్నాను. చూసేవాళ్లకి ధీమాగా కనిపించి ఉంటుంది.

"ఏసీ ఎందుకు ఆపారు?" అన్నారు డైరెక్టరు గారు.

"ఇవాళ రాయా అనుకోండి సార్" అన్నాను. "బాయిలరువాళ్లు సెలవులో ఉన్నారు. పండగ రోజు ఎలా ఉంటుందో చూస్తూ మాట్లాడుకుందాం. నేను సంతకం చేసిన పేజీ తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను."

ఆయన మొహం ఎర్రబడింది. "మీ కంపెనీకి ఈ దేశంలో ఇంకో పని రాదు, తెలుసా? పైన మీ బాస్‌కి చెప్తాను."

"చెప్పండి సార్. ముందు ఇది వినండి" అని చదవడం మొదలెట్టాను. ఎండ గురించి, బుగ్గ గురించి, మిల్లు గురించి, నిదానంగా. అద్దంలోంచి మధ్యాహ్నపు ఎండ నేరుగా లోపలికి. కాసేపటికి బ్యాంకాయన టై వదులు చేసుకున్నాడు. అధికారిణి ధరల పట్టికతో విసురుకుంది. డైరెక్టరు గారు కోటు విప్పలేదు, పంతం. చొక్కా కాలరు మాత్రం రంగు మారింది.

"ఇక్కడ మనం నలుగురం. పండగరోజు ముప్పైమంది వస్తారు. పొయ్యి మీద మాంసం ఉంటుంది. ఆయాసం మనిషి ఒకరుంటారు" అన్నాను. ఎవరి పేరూ చెప్పలేదు.

"మిల్లు ఆగితే మీ ఏర్పాటేమిటి?" అని బ్యాంకాయనే అడిగాడు డైరెక్టరు గారిని. ఆయన లేచి అద్దం దాకా వెళ్లి, దాని మీద అరచెయ్యి పెట్టి, చురుక్కుమని తీసేసుకున్నారు.

"సరి, సరి. ఏం కావాలి చెప్పండి" అన్నారు, నాకు వీపు పెట్టే.

చెప్పాను. తెరుచుకునే కిటికీలు, గదికొక పంకా. మిల్లు ఆగినప్పుడు నడవడానికి కాలనీలోనే చిప్పలు కాల్చే సొంత బాయిలరు. పండగలకి వంతులవారీగా మనుషులు, హిందువు పండగకి ముస్లిం, ముస్లిం పండగకి హిందువు. కొన్ని గంటలకు సరిపడా చల్లటి నీళ్లు నిలవుంచే తొట్టి. బ్యాంకాయన ఒక్కొక్కటీ రాసుకున్నాడు. ఇవి లేనిదే అప్పు లేదన్నాడు. డైరెక్టరు గారు ఒప్పుకున్నారు. చెమటతో ఒప్పుకున్నది మనసుతో ఒప్పుకున్నదో కాదో నాకు తెలియదుగానీ, మొన్న సన్యాసిరావు ఫోను చేశాడు. వాళ్ల బ్లాకుకి కిటికీలు బిగించారట. పైడమ్మ గారు వెళ్లి ఒక్కో రెక్కా తీసి మూసి, తీసి మూసి, "ఇప్పుడు ఇల్లులా ఉన్నాది" అందట.

ఆ మధ్యాహ్నం గదిలో ఒప్పందం కుదిరింది కదా, లేచి మీట నొక్కొచ్చు. అందరూ నావైపే చూస్తున్నారు. కవాటం బుస్సుమన్నప్పుడు నేను గొంతుకూర్చున్న చోటు కళ్లముందుకొచ్చింది, "హీటర్ సార్" అన్న ఆ నవ్వు చెవుల్లోకొచ్చింది.

"అయిపోయిందా?" అన్నారు డైరెక్టరు గారు, కనుబొమల మీది చెమట వేలితో తోసుకుంటూ. కోటు ఎప్పుడు విప్పారో నేను గమనించలేదు, కుర్చీ వీపున వేలాడుతోంది.

"ఇంకొక్క పేజీ సార్" అన్నాను.

పేజీ ఏమీ లేదు. బ్యాంకాయన్నీ అధికారిణినీ బయట చల్లగా కూర్చోమని పంపించి, మీట జోలికి పోకుండా, తలుపు దగ్గరగా వేసి, మొదటి కాగితం పైకి తీసి, శీర్షిక నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టాను. రెండో పేజీ సగంలోకి వచ్చేదాకా, ఇది ఇందాక చదివిందేనని ఆయన పోల్చుకోలేదు.